మరదలి నిశ్చితార్థం క్యాసెట్టు

పోయిన మాసం చుట్టాలింటి పెండ్లి వీడియో ఒకటి పెన్ డ్రైవులో వేసి మా ఇంటికి పంపినారు. ఫోర్-కే అంట, డ్రోన్ ఎగరేసి కొండ దగ్గరనుంచి మండపం దాకా తీసినారంట. రాజపాళయంలో ముప్పై ఏండ్లు పెండ్లిళ్లకు వీడియో తీసి బతికినవాణ్ణి గనక, చూసి ఎట్లుందో చెప్పమని నాకు ప్రత్యేకంగా పంపినారు. నా పాత కంప్యూటర్లో పెట్టి చూస్తే, నాదస్వరం ఆగకుండా పోతా ఉంది గాని బొమ్మ మాత్రం ఆగి ఆగి, చదరాలు చదరాలుగా పగిలి, తాళి పట్టుకున్న పెండ్లికొడుకు చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. గట్టిమేళం ముగిసినాక కూడా ఆ చెయ్యి అట్లే ఉంది. నా భార్య వంటింట్లోనుంచి వచ్చి చూసి, పాపం ఆ పిల్లకు ఇంకా తాళి పడలేదా అని నవ్వింది. నేను నవ్వలేకపోయినాను. ఎందుకో ఆమెకు కూడా తెలియదు. ఇరవై ఏండ్లకు పైగా ఎవరికీ చెప్పని సంగతి అది.

కంప్యూటర్లు బాగుచేసే పని మా చెల్లెలి కూతురిది. పిలిస్తే మరుసటి రోజు పొద్దున్నే వచ్చింది. మొదట మెమరీ పెంచి చూసింది, డిస్కు మార్చి చూసింది. పెట్టె త్వరగా తెరుచుకోవడం మొదలుపెట్టింది గాని ఆ వీడియో మాత్రం కుంటుతూనే ఉండింది. పన్నెండేండ్ల నాటి పెట్టె మామా, ఈ రకం వీడియోను విప్పడం దీనికి నేర్పలేదు, ఎంత తినిపించినా పరుగెత్తలేదు అని తేల్చి చెప్పింది. సరే, కొత్తది కొన్నాము, పెద్ద తెర కూడా. పాతదానిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా చూపించి, ఇది ఉంచేదా తీసేసేదా అని ఆమె అడుగుతా ఉంటే నేను తల ఊపుతూ కూర్చున్నాను. మా మొదటి కంప్యూటర్ నుంచి రెండోదానికి, అక్కణ్ణుంచి దీనికి, ఇల్లు మారినప్పుడు మూట విప్పకుండానే తెచ్చుకున్న సామాను మాదిరి, లోపల ఏముందో నాకే తెలియని ఫోల్డర్లు ఎన్నో ఉండినాయి.

ఆ మొదటి కంప్యూటర్ వచ్చిన దినాలు నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. పాత బస్టాండు దగ్గర మేడ మీద ఒక్క గది నా అంగడి. అంతకుముందు క్యాసెట్లు ఆడించే డెక్కులు రెండు పక్కపక్కన పెట్టుకోని, బొత్తాలు నొక్కి నొక్కి వేళ్లు కాయలు కాసేదాకా మిక్సింగు చేసేవాణ్ణి. కంప్యూటర్ వస్తే పూలు రాలినట్లు, గుండె ఆకారంలో మొహాలు తేలినట్లు చేయవచ్చునని విని, మధురైనుంచి ఒక మనిషిని పిలిపించి పెట్టించినాను. ఆయన దాన్ని బిగించి పరీక్ష చేస్తా ఉంటే నేను కాఫీ తెప్పించడానికి కిందికి దిగినాను. తిరిగి వచ్చేసరికి, కెమెరాలోని బొమ్మ ఇందులోకి ఎక్కుతా ఉంది, ఏమీ ఇబ్బంది లేదు అన్నాడు. కెమెరాలో అప్పుడు ఏ క్యాసెట్టు ఉందో ఆయన చూడలేదు, నేనూ అడగలేదు.

అందులో ఉన్నది నా మరదలి నిశ్చితార్థం. సేత్తూరులో మా మేనత్త కూతురు, స్పిన్నింగు మిల్లులో పనికి పోయే పిల్ల, నాకంటే పదేండ్లు చిన్నది. అప్పటికే నాకు పెండ్లయ్యి ఇద్దరు బిడ్డలు, అయినా నేను కనబడితే చాలు బావా బావా అని ఆట పట్టించేది. ఆ కాలంలో వీడియో అంటే వెయ్యి వాట్ల లైటు మొహం మీద వేసి తీయాల్సిందే, ఆడవాళ్లు చేతులు అడ్డం పెట్టుకునేవాళ్లు, పసిబిడ్డలు ఏడ్చేవాళ్లు. ఆ దినం తాంబూలాలు మార్చుకున్నదీ, అత్త కండ్లు తుడుచుకున్నదీ అంతా తీసినాను. ఇంకో రెండు నెలల్లో పెండ్లి గదా అప్పా, రెండూ కలిపి ఒకే క్యాసెట్టుగా చేసి ఇయ్యి అన్నది అత్త. అట్లే అన్నాను, కంప్యూటర్ పరీక్ష అయినాక క్యాసెట్టు కెమెరాలోనుంచి తీసి నా సంచిలో పెట్టుకున్నాను.

పది దినాల తర్వాత సత్రపట్టిలో ఒక పెండ్లి. చుట్టూ గాయాలకు కట్టే గుడ్డ నేసే మగ్గాలు, ఆ దినం అవి కూడా ఆగినాయి, ఊరంతా పందిట్లోనే. ఆడబిడ్డల వరస, మామల వరస అని కానుకల పళ్లేలన్నీ తీస్తా పోయి, సరిగ్గా ముహూర్తానికి ఇంకా అయిదు నిమిషాలుండగా క్యాసెట్టు అయిపోయింది. ఖాళీవి రెండు తెచ్చినానని అనుకున్నాను, సంచిలో వెదికితే ఒక్కటీ లేదు. చేతికి తగిలింది అత్తవాళ్ల క్యాసెట్టు. పెండ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు, అందరూ నన్నే చూస్తా ఉండినారు. నిశ్చితార్థమే గదా, అసలు పెండ్లి ముందుంది, అప్పుడు బాగా తీసిద్దాము అని నాకు నేనే చెప్పుకోని, దాన్ని కెమెరాలో వేసి బొత్తాం నొక్కినాను. క్షణం కూడా పట్టలేదు. ఆ పూట సాయంత్రం దాకా తీసినాను. మొదటినుంచి చివరిదాకా నిండిపోయింది.

మూడు వారాలు తిరక్కముందే మరదలికి జ్వరం వచ్చింది. నాలుగో దినం పోయింది.

పదహారో దినం కర్మ గడిచినాక అత్త అంగడి మెట్లు ఎక్కి వచ్చింది. మేడ మెట్లు ఎక్కడం ఆమెకు కష్టం, రొప్పుతా బల్ల మీద కూర్చోని, బిడ్డ క్యాసెట్టు ఇయ్యప్పా, పక్కింట్లో డెక్కు ఉంది, వేసి చూసుకుంటాను అన్నది. ఆ ఇంట్లో ఆ పిల్ల బొమ్మ ఒక్కటే ఉండింది, బడిలో నలభై మందితో తీసింది, అందులో మొహం మిరియపు గింజంత. నేను నోరు తెరిచి, క్యాసెట్టుకు బూజు పట్టింది అత్తా, మధురైకి పంపినాను, శుభ్రం చేసి ఇస్తామన్నారు అన్నాను. ఆ మాట అంత సులభంగా ఎట్లా వచ్చిందో ఈ దినానికీ నాకు తెలియదు.

ఆమె సంతకు వచ్చినప్పుడల్లా అడిగేది. కొన్నాండ్లకు నెలకొకసారి, తర్వాత పండగకొకసారి. గీతలు పడినా పరవాలేదప్పా, మాట వినబడకపోయినా పరవాలేదు అనేది. నేను ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. చుట్టాల పెండ్లిళ్లలో ఆమె ఒక వైపు కూర్చుంటే నేను కెమెరా తీసుకోని ఇంకో వైపుకు పోయేవాణ్ణి. అంగడి మూసినప్పుడు చాలామంది బాధపడినారు, నాకు మాత్రం ఇంక ఆ మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు వినక్కరలేదని ఊపిరి ఆడింది. కాని సత్రపట్టి పెండ్లికొడుకు బజారులో ఎదురై, నెరిసిన తలతో నవ్వి పలకరించినప్పుడల్లా, ఆయన మొహం కింద ఇంకో మొహం ఉన్నట్లే అనిపించేది. కొన్నిసార్లు పలకరించకుండా పక్క సందులోకి తిరిగిపోయినాను.

ఇదంతా మా చెల్లెలి కూతురికి తెలియదు. టెస్ట్ అని ఒక చిన్న వీడియో ఉంది, ఉంచేదా మామా అని అడుగుతా దాన్ని నొక్కింది. కొత్త తెర నిండా ఏదో పసుపు, ఎరుపు, దువ్వెన పండ్ల మాదిరి గీతలు. ఏమీ అర్థం కాలేదు. ఇది చిన్న బొమ్మ, ఇంత పెద్దదిగా సాగదీస్తే ఇట్లే ఉంటుంది అని ఆమె దాన్ని తగ్గించి, తగ్గించి, పోస్టుకార్డు అంత చేసి నడిమధ్య పెట్టింది. అప్పుడు మొహం తేలింది. ఎర్ర చీర, కండ్లకు అడ్డంగా చెయ్యి.

“బావా, లైటు కండ్లల్లో పడతా ఉంది. కొంచెం తిప్పు.”

మధురై మనిషి ఆ దినం పరీక్షకు ఎక్కించిన ముక్క, నలభై సెకన్లు. చెయ్యి తీసి నవ్వుతుంది, పక్కన ఎవరో పూలు సర్దుతారు, మళ్లీ నావైపు చూసి ఏదో అనబోతుంది, అంతే. నేను లేచి వాకిట్లోకి పోయినాను. ఏమైంది మామా, ఎవరీమె అని మా చెల్లెలి కూతురు వెనకే వచ్చింది. మొదటిసారి చెప్పింది ఆమెకే. అంతా విని, సేత్తూరు అవ్వ ఉందా ఇంకా అని మాత్రం అడిగింది.

ఉంది. ఎనభై దాటి, సేత్తూరులో కొడుకు దగ్గరే ఉంది. ఇద్దరమూ బస్సెక్కి పోయినాము. అత్తకు ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానిలో వెలుతురు తప్ప ఏమీ లేదంట. ఆ సంగతి నాకు వాకిట్లోనే తెలిసింది. అంత దూరం జరిగిపోయి ఉండినాను నేను. పక్కన కూర్చోని, ఫోనులో ఎక్కించుకోని పోయిన ఆ గొంతు వినిపించినాను. ఆమె తల ఎత్తింది. మళ్లీ వెయ్యి అన్నది. మళ్లీ వినిపించినాను. ఏడు ఎనిమిది సార్లు విన్నాక, “నిన్ను పిలుస్తా ఉందే గాని, అమ్మా అని ఎక్కడా అనలేదా?” అన్నది.

అనలేదు అన్నాను. అప్పుడే మిగతాదంతా చెప్పినాను, బూజు పట్టలేదని, మధురైకి పంపలేదని, నా చేత్తోనే చెరిపినానని. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఇన్నాండ్లూ నా బిడ్డ మధురైలో ఏదో ఒక అంగట్లో ఉందనుకుంటిని గదప్పా. ఇప్పుడు లేదని చెప్పడానికి వచ్చినావా?”

పోయిరా అన్నది, వచ్చేసినాము. ఇంటికి వచ్చి కొత్త తెర ముందు కూర్చున్నాను గాని ఆ డ్రోన్ పెండ్లిని తెరవడానికి చెయ్యి రాలేదు.

వారం తర్వాత అత్త కొడుకు ఫోను చేసినాడు, అమ్మ రమ్మంటా ఉంది అని. భయపడతానే పోయినాను. అత్త గోడకు ఆనుకోని కూర్చోని, ఆ దినం కెమెరాలో అంతా చూసినవాడివి నువ్వొక్కడివే గదా, నేను వంటింట్లో, పందిట్లో తిరుగుతా ఉంటిని, నా బిడ్డను నిదానంగా చూసుకోలేదు, ఏమేమి ఉండిందో వరసగా చెప్పు అన్నది. చెప్పడం మొదలుపెట్టినాను. జడలో కనకాంబరాలు, పెండ్లికొడుకు తల్లి చీర పెట్టినప్పుడు వంగిన తీరు, ఒకసారి తుమ్ము వస్తే ఆపుకోలేక అందరూ నవ్వినది. అప్పటినుంచి ప్రతి వారం పోతా ఉన్నాను. ఒక్క మాట కూడా కల్పించకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను, కల్పించి చెప్పింది చాలు.

ఇప్పటి పిల్లలు అన్నం తినేదీ, వాన పడేదీ అంతా తీసి పెట్టుకుంటారు, చోటు నిండితే ఇంకో చోటు కొంటారు, ఏదీ పోదని ధైర్యం. మనకు ఆ ధైర్యం లేదు గనక కండ్లతో పట్టుకోని ఉండినాము, అదైనా గట్టిగా పట్టుకున్నామా అంటే అదీ లేదు. పోయిన వారం అత్త గాజులు ఏ రంగు అని అడిగింది. చానాసేపు ఆలోచించినాను. గుర్తు లేదత్తా అన్నాను.

సరే, వచ్చే వారం చెప్పుదువులే అన్నది.