కోరుట్ల సమాధుల తోటలో రెండు పూతల సున్నం

ఈ ప్రయాణం ఫోన్‌లో చూసిన ఒక వీడియోతో మొదలైంది. ఐరోపాలో ప్రాగ్ అని ఒక నగరం. చనిపోయినవాళ్లను పెట్టుకోవడానికి అక్కడి యూదులకు పూర్వం చిన్న జాగా ఉండేదట. అది నిండాక ఇంకో జాగా దొరకలేదు. పాత సమాధిని కదిలించడం వాళ్ల ధర్మంలో తప్పు. అందుకని పైన మట్టి పోసి, పాత రాళ్లను పైకి తెచ్చి నిలబెట్టి, తరాల తరబడి ఒకరి మీద ఒకరిని పెట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడక్కడ రాళ్లు జాతరలో జనంలా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, పక్కన కూర్చున్న మా అమ్మ రూతమ్మ కళ్లు తుడుచుకుంది.

"మా అమ్మ సమాధి ఉన్నదో, ఎవలకన్న ఇచ్చిండ్రో. అన్న పోయినంక సున్నం ఏసెటోళ్లే లేరు బిడ్డా" అన్నది.

అమ్మ పుట్టిల్లు కోరుట్ల. అక్కడి క్రైస్తవుల సమాధుల తోటలో ఒక కట్టుబాటు ఉంది. ఏటా నవంబర్ రెండున, సమాధుల పండుగనాడు సున్నం పడితే ఆ సమాధికి మనుషులున్నట్టు. కొన్నేళ్లు పడకపోతే ఆ జాగా వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. అమ్మ వాళ్లన్న, మా యోబు మామ పోయి చాలా ఏళ్లయింది. అమ్మకు మోకాళ్లు లేవనివ్వవు. పండుగనాడు నేనే బయలుదేరాను.

తంగళ్ళపల్లిలో ఆటో ఎక్కి ఆరున్నరకు సిరిసిల్ల బస్టాండు చేరాను. జగిత్యాల బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు. టికెట్టు ఉచితమే, సీటు మాత్రం అదృష్టం. వేములవాడ దాకా నిలబడే వెళ్లాను. జగిత్యాలలో దిగేసరికి తొమ్మిది. బస్టాండు బయట పూరీ, చాయ్ కలిపి యాభై రూపాయలు. పూరీ బాగుంది, కూరలో ఆలుగడ్డను వెతుక్కోవాలి.

కోరుట్ల బస్సులో ముందు సీటు పెద్దాయన నా సంచిలోని బంతిపూలు, కొవ్వొత్తులు చూసి సంగతి అడిగాడు. కోరుట్లలో తాళాలు బాగుచేస్తాడట.

"మా ఖబ్రస్తాన్ల గూడ జాగ ఏడున్నది బేటీ? మా అబ్బాను పెట్టిన కాడనే అమ్మీని గూడ పెట్టినం. బతికినన్ని దినాలు ఇద్దరికి పడలే. ఇప్పుడు సప్పుడు లేదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లందరం నవ్వాం.

పదిన్నరకు తోట చేరాను. ఒకప్పుడు ఊరి బయటి రాళ్ల నేల, ఇప్పుడు మూడు దిక్కులా ఇళ్లే. బతికినన్నాళ్లు గజం భూమి లేని కూలివాళ్లకు పోయాక దక్కిన జాగా ఇది. ఫొటోలున్న గ్రానైటు సిలువల పక్కనే పేరు లేని మట్టి దిబ్బలు. అయినా అన్నిటి మీదా పూలున్నాయి, ఎవరూ ఏ దిబ్బనూ తొక్కడం లేదు. ఇంత ఇరుకులో ఇంత మర్యాదను నేనెక్కడా చూడలేదు.

అమ్మ చెప్పిన గుర్తు రేగుచెట్టు. దాని కింద దిబ్బ తెల్లగా మెరుస్తోంది. అరవై దాటిన ఒకావిడ కుంచె పట్టుకుని దానికి సున్నం వేస్తోంది. జాగా వేరేవాళ్లకు ఇచ్చేశారనుకున్నాను, కోపం నెత్తికెక్కింది.

"గిది మా అమ్మమ్మ శాంతమ్మ సమాధి. మీరెట్ల ఏస్తరు?" అన్నాను.

ఆవిడ కుంచె ఆపింది. "నువ్వు రూతమ్మ బిడ్డవా? కూసో. నేను సువార్తమ్మను. గిండ్ల మా అమ్మ గూడ ఉన్నది. ఆమె పోయినప్పుడు వానలకు తోటంత నీళ్లు నిండినయి, మిట్ట మీద గీ ఒక్క జాగనే. మీ యోబు మామ 'మా అమ్మ మీద పెట్టుండ్రి' అన్నడు. ఆయన పోయినంక నేనే ఏస్తున్న. ఒక పూత మా అమ్మకు, ఒక పూత మీ అమ్మమ్మకు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు, సిగ్గేసింది. ఇన్నేళ్లు చుట్టం కాని మనిషి రెండు పూతలు వేసింది! కుంచె నేనందుకున్నాను. రెండో పూత నేనే వేశాను. ఆవిడ పాట అందుకుంది, ఇద్దరం కొవ్వొత్తులు వెలిగించాం. ఆవిడ ఇంట్లో పప్పు, అన్నం తిని మూడింటికి బస్సెక్కాను.

ప్రాగ్ తోటను నేనెప్పటికీ చూడకపోవచ్చు. కానీ జాగా చాలనిచోట మనుషులు ఎంత విశాలంగా ఉండగలరో కోరుట్లలో చూశాను. వెళ్లేవాళ్లు నవంబర్ రెండునే వెళ్లండి.

బస్సులోంచే అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఒక్కమాటైనా చెప్పకుండా ఇచ్చేశాడని మామ మీద కోపం తెచ్చుకుంటుందని భయపడ్డాను.

"మా అమ్మకు ఒంటిగ పండుకునుడు చాతకాదు బిడ్డా. అన్న నైట్ డ్యూటీకి పోతే పక్కింటామెను పిలుసుకొని పండుకునేది" అన్నది. "అన్నకు యాదికున్నది."