తప్పు ముడి

దేవదాస్ సారు కోపానికి ఒకటే కారణం: ముడి. వరంగల్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో ఫ్యాను ఊడి నెత్తిన పడ్డా ఆయన పల్లెత్తు మాట అనడు. కణవిభజన బొమ్మలో క్రోమోజోమును లాగే కండె పోగు ఒక్కటి తప్పుచోట తగిలిందా, చాక్‌పీసులు గాల్లోకి లేస్తాయి. మట్టెవాడ నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి మరి. మగ్గం వదిలేసి బోటనీ చెప్తున్నా మగ్గం దగ్గరి కోపం మాత్రం వదల్లేదు.

ల్యాబులో ఆయన సొంతంగా చేసిన నమూనా ఒకటుంది. చెక్కకు అటొక మేకు, ఇటొక మేకు, మధ్యలో వరసగా రంగు నూలుతో పేనిన క్రోమోజోములు. ప్రతిదాని నడుముకూ రెండు పోగులు, ఒకటి ఇటు మేకు నుంచి, ఒకటి అటు మేకు నుంచి.

"రెండూ ఒక్క దిక్కే కట్టినవేందమ్మా? గుంజితే మొత్తం గటే పోతది. ఇంకో కణం ఏం గావాలె, అడుక్క తినాల్నా?" అంటూ మూడో ఏడాది చదివే కావ్య రికార్డును నాలుగుసార్లు విసిరికొట్టాడు. అయిదోసారి కావ్యే విసిరికొట్టింది, ఇంట్లో.

"ఒక్కటి తగులకున్నా కణం ఆగుతది. అన్నీ తగిలేదాక కదలది. దానికున్న ఓపిక మీకేది?" అని సారు అరిచేవాడు, ఏమాత్రం ఓపిక లేకుండా.

ప్రాక్టికల్ పరీక్ష రోజు తొమ్మిదిన్నరకు తేజస్వి ఫోన్ చేసింది. కావ్య క్లాసే, ములుగు అవతలి ఊరి పిల్ల. "బస్సు ఖరాబైందే కావ్యా. జీపెక్కిన, వస్తాన్న." పరీక్ష పదింటికి. ప్రశ్నల కవరు తెరిచాక ఎవరినీ లోపలికి రానివ్వరు. తేజస్వికి ఏడాది పోయినట్టే.

కావ్య పరుగున వెళ్ళి సారుకు చెప్పింది.

"ముందుగాల బయలెల్లద్దా? నేనేం జెయ్యాలె, బస్సుకు ముడెయ్యాల్నా?" అని కసిరి, ఆయన ల్యాబులోకి పోయి తలుపేసుకున్నాడు. ఇంత రాతిగుండె మనిషా అని కావ్య పళ్ళు నూరింది.

పదింటికి అందరూ లోపల కూర్చున్నారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ రాజేశ్వర్ రావు ప్రశ్నల కవరు చేతిలోకి తీసుకున్నాడో లేదో, దేవదాస్ సారు నమూనా ముందు నిలబడి గావుకేక పెట్టాడు.

"ఎవడు కట్టిండు దీన్ని? మూడోదానికి రెండు పోగులూ ఒక్క మేకుకే!"

"పోనీండి సార్, పరీక్ష అయినాక చూద్దాం."

"పోనియ్యాల్నా? తప్పు నమూనా ముంగట వెట్టుకొని పరీక్ష రాపిస్తరా? ఇది ఇప్పి కట్టేదాక కవరు తెరిచేది లేదు!"

రెప్పపాటులో ఏ పోగునైనా అతికే ఆ వేళ్ళు ఆ రోజు మొరాయించాయి. విప్పబోయాడు, తిట్టాడు, మళ్ళీ విప్పబోయాడు, మళ్ళీ తిట్టాడు. రాజేశ్వర్ రావు గడియారం చూసుకుంటున్నాడు. కావ్యకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ తేజస్వి జీపులో ఏడుస్తుంటే ఇక్కడ ఈయనకు పోగుల గొడవ!

"జరుగుండ్రి సార్, నేను కడత" అని విసురుగా ముందుకు వెళ్ళింది.

అప్పుడు ఆ తప్పు ముడిని దగ్గరగా చూసింది. పిల్లలు వేసే ముడి శనగగింజంత ఉంటుంది. ఇది ఆవగింజంత కూడా లేదు. అంత చిన్న ముడి వేసే మనిషి కాలేజీ మొత్తానికీ ఒక్కడే. నిన్న సాయంత్రం ఈ నమూనా దుమ్ము దులిపింది తనే. అప్పుడు అన్ని పోగులూ సరిగ్గానే ఉన్నాయి.

తలెత్తింది. సారు గుడ్లురిమాడు. "ఏం సూస్తానవ్? కట్టు!"

కావ్య ఆ ముడి విప్పి, పోగును శ్రద్ధగా మళ్ళీ తప్పు మేకుకే కట్టింది.

"అరె! మల్ల గదే! మూడేండ్లు ఏం సదివినవ్?" సారు కేకకు కిటికీలు అదిరాయి. కానీ ఆ కళ్ళలో అంత సంబరం కావ్య ఎప్పుడూ చూడలేదు.

పది ఇరవైకి తేజస్వి రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. సారు ఒక్క వేలితో పోగు లాగి, రెప్పపాటులో రెండో మేకుకు ముడి బిగించాడు.

"అన్నీ తగిలినయ్. ఇగ తెరువుండ్రి సార్ కవరు." తర్వాత తేజస్వి మీదికి తిరిగాడు. "నిలవడి సూస్తానవేంది? పోయి కూసో! బొమ్మల ఒక్క పోగు తప్పాలె, నీ సంగతి జెప్త!"