సిమెంటు మొసలి

మొన్న ఆదివారం జింకల పార్కులో మొసలి మడుగు దగ్గర నిలబడి, మా అక్కను చేసుకున్న మధిర బావ మనవరాళ్లకు మళ్లీ ఆ పాత కథే ఎత్తుకున్నాడు. వెనకటికి ఇక్కడి వాచరు తాగి లోపల తూలితే మొసలి కాలు పట్టుకుందట. ఆ కథ బావది కాదు, నాది.

సారపాక కాగితం మిల్లుకు వెదురు లారీలు తోలించే పనిలో నేను కొత్తగా చేరిన రోజులవి. అప్పట్లో మడుగు చుట్టూ నడుమెత్తు గోడే తప్ప వల లేదు. గేటు దగ్గర సిమెంటు ఏనుగును, సిమెంటు పులిని చూసొచ్చిన బావకు, ఒడ్డున నోరు తెరుచుకుని కదలక పడున్న మొసలి కూడా బొమ్మేననిపించింది. "ఇంకో బొమ్మ చూపించడానికా బామ్మర్దీ, మధిర నుంచి రప్పించావు?" అని ఆయన వేళాకోళం చేస్తే అక్క కూడా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

లోపల పొడవాటి కర్రతో ఆకులు లాగుతున్న వాచరు మా వైపు తిరిగి, "బొమ్మ కాదన్నా, మనల్నే చూస్తున్నది. సప్పుడు చెయ్యకుండ్రి" అని మళ్లీ పనిలో పడ్డాడు. ఆయన అటు తిరగగానే, దాన్ని కదిలిద్దామని నేను రాయి విసిరాను. అందరి కళ్లూ మొసలి మీదే ఉండడంతో ఎవరూ చూడలేదు. మొసలి మాత్రం దగ్గరున్న మనిషి మీదికే దూకింది. ఆయన దాని నోట్లో కర్ర పొడిచి, మడమ విడిపించుకుని గోడ దాకా పాకి వచ్చేవరకు మేమంతా గోడ ఇవతలే నిలబడిపోయాం. చెయ్యందించి పైకి లాగింది కూడా నేనే.

ఆఫీసరు వచ్చి అడిగితే, తాగి తూలాడని చెప్పింది నేనే. "తాగలే సారూ, రాయి వడ్డది" అని దవాఖానాకు తీసుకుపోయేదాకా ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. ఎవరు వేశారో చెప్పలేకపోయాడు. ఉద్యోగం పోయింది. తర్వాత మిల్లు గేటు దగ్గర కుంటుతూ వెదురు దింపుతుంటే చూసి, లారీకి అవతలి పక్కకు తప్పుకున్నాను. ఏ ఊరని గానీ, పేరేమిటని గానీ అడగలేదు.

మొన్న మనవరాళ్లు నవ్వుతుంటే ఉండబట్టలేక, ఆయన తాగలేదని, రాయి వేసింది నేనని చెప్పేశాను. "ఇన్నేళ్లూ ఆ మాట నా నోటితో చెప్పించావా?" అని మాత్రం అన్నాడు బావ.

ఇప్పుడు మడుగు చుట్టూ గులకరాయి కూడా దూరని ఇనుప వల ఉంది. కర్ర పట్టుకుని దిగే మనిషి లేడు, ఆకులు నీళ్ల మీద అలాగే కుళ్లుతున్నాయి. చిన్న మనవరాలు వలకు ముక్కు ఆనించి, అది సిమెంటుదా తాతయ్యా అని నన్నే అడిగింది. కాదమ్మా, మనల్నే చూస్తోంది అన్నాను.