అలుగు కొమ్మ

లోకంల రాజులు కత్తులు దూసి వంశాలను నరికిన్రు గానీ, కోట్ల ఏండ్ల వంశాన్ని బీడీ తాగుకుంట కూలగొట్టినోడు కొల్లాపూర్ బాబా మియా ఒక్కడే. కత్తి లేదు, తుపాకి లేదు. ఊదుడే ఊదుడు.

ముప్పై ఏండ్లు ఆయన పని అలుగులను పట్టుడు. ఒంటినిండ పెంకులుండి, బెదిరితే ఉండలెక్క ముడుచుకునే జంతువది. పెంకులు అమ్మిండు, కూర తిన్నడు. తొంభై నాలుగుల హైదరాబాదు నుంచి ప్రమీలమ్మ జంతువుల మీద చదువు పట్టుకొని వచ్చేసరికి, ఆ గుట్టలల్ల అలుగు కంటబడక మూడేండ్లయింది.

ఆమె కాయితం మీద చెట్టు గీసింది. పాలిచ్చే జంతువులన్నీ అందుల కొమ్మలు.

"ఎలుకలు చూడు మియా, గుబురు. ఒక రెమ్మ ఇరిగినా పక్కన వంద. అలుగు గీడ, ఒంటి కొమ్మ. దగ్గరి చుట్టం లేదు. ఇది పోతే ఆ పక్కంత బోడి."

"నాకూ చుట్టాలు లేరమ్మా. నన్ను ఎవరు గీస్తరు?"

"బతికున్న అలుగును చూపియ్యి, ఈ చెట్టుల దాని జాగ తేల్చెతందుకు నెత్తురు చుక్క తీసుకొని ఇడిచిపెడత. నిన్ను అలుగుల కావలి కొలువుల పెట్టిస్త."

ఇంట్ల పెండ్లాం హుస్సేన్ బీ పకపక నవ్వింది. "అరే మియా, తిన్న నోటితోనే కావలి కాస్తవా?"

ఆ నవ్వు ముల్లోలె గుచ్చుకుంది. పన్నెండు దినాలు చీమల పుట్టలెంబడి తిరిగిండు. పదమూడోనాడు బొక్క దొరికింది. లోపలి నుంచి పచ్చిమట్టితోని మూసుంది. అంటే అలుగు ఇంట్లనే ఉంది. కబురంది వచ్చిన ప్రమీలమ్మ బొక్క చూసి, సూదులు, కెమెరా తెస్తనని జీపెక్కింది. "ముట్టకు. ఊకె కూసో."

గంటసేపు కూసున్నడు. అవతలి దిక్కు తవ్వుకొని పోతే? కొలువు పాయె, పెండ్లాం నవ్వు మిగిలె. పిడకల మీద ఎండుమిరపకాయలేసి, మూసిన మట్టికి సందు చేసి బొక్కలకు పొగ ఊదిండు. మత్తెక్కితే మెల్లగ తవ్వి తీయొచ్చనుకున్నడు. ముప్పై ఏండ్లు గట్లనే తీసిండు. తీసినంక బతికుందా సచ్చిందా అని ఎవడడిగిండు?

తవ్వితే ఉండ దొరికింది. బలంగ ఇప్పిండు. తల్లి పానం పోయింది. దాని కడుపుకాడ జానెడు పిల్ల, పెంకులింకా గట్టిపడనిది, ఎగపోస్తాంది.

ప్రమీలమ్మ తిరిగొచ్చి చూసింది. తల్లి నెత్తురు సీసల పట్టుకుంది. "నా చెట్టుకు ఇది చాలు. కావలికి నువ్వొద్దు."

ఇప్పుడు చాయ హోటల్ల ఎవరన్న "ఆఖరి అలుగును సంపిన మొనగాడు" అంటే, బాబా మియా గ్లాసు కింద పెడతడు.

"ఆఖరిదో కాదో నాకెరుక లేదు. తల్లి పొగకు సచ్చింది. పిల్ల మేకపాలు తాగలే, రెండోనాడు సచ్చింది."