ఫ్రావ్ ఎల్స్‌నర్ చూపించిన వీధి

మొన్న ఆదివారం జర్మనీలో మా డ్యూసెల్‌డార్ఫ్ నడిబొడ్డున పాతకాలపు కార్ల ఊరేగింపు జరిగింది. రబ్బరు బుడ్డి హారన్ ఒకటి బొంయ్‌మనగానే, ఆ పెట్రోలు వాసనలో నాకు ఫ్రావ్ ఎల్స్‌నర్ గుర్తొచ్చారు. కరోనా మొదటి ఏడాది మా పై ఫ్లాటులో ఒంటరిగా ఉండేవారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఫ్రావ్ అంటే జర్మన్‌లో శ్రీమతి.

ఆ ఏప్రిల్‌లో నా ఉద్యోగం పోయింది. మూడు నెలల్లో ఇంకొకటి దొరక్కపోతే, ఈ దేశంలో ఉండనిచ్చే బ్లూకార్డు నిలవదు. అడిగిన ప్రతిచోటా జర్మన్ రావాలన్నారు; నేనేమో అయిదేళ్ళుగా ఇంగ్లీషుతో నెట్టుకొచ్చినదాన్ని. వరంగల్ నుంచి అక్క, "ఇగ చాలుగానీ, విమానాలు నడవంగనే వచ్చెయ్‌రాదే" అనేది. ఒకరోజు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఫ్రావ్ ఎల్స్‌నర్ చూశారు. మర్నాడు పిలిచి, పై మెట్టు మీద ఒక ఫోటో పెట్టి, దూరంగా జరిగి తన గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు.

అది మా వీధే, వందేళ్ళ కిందటిది. ట్రాములు, సైకిళ్ళు, టోపీల మగవాళ్ళు, బుట్టలు మోసే ఆడవాళ్ళు, మధ్యలో బీరు పీపాల గుర్రబ్బండి, దాని వెనక కదల్లేక నిలిచిపోయిన ఒకే ఒక్క కారు. కిటికీలోంచి చూస్తే అదే వీధిలో ఇప్పుడు పావురాలు తప్ప ఎవరూ లేరు.

"ఎవరెటు పోతున్నారో జర్మన్‌లో చెప్పండి," అన్నారు. రోజూ నాలుగింటికి ఒక మనిషి గురించి. తప్పులు దిద్దేవారు కాదు, "తర్వాత?" అనేవారంతే.

మూడో వారం, "బండివాడు కోపంగా ఉన్నాడు," అన్నాను.

"కోపం కాదు, భయం. ఆయన మా తాత," అని నవ్వారు. "మోటార్లొచ్చి ఆ బండి పని పోయింది. నలభై మూడో ఏట లారీ నేర్చుకున్నాడు. మొదటిరోజు బ్రేకు మర్చిపోయి, గుర్రాన్ని ఆపినట్టు 'బ్ర్‌ర్‌ర్' అని అరిచాడట. లారీ పోయి గోడకి గుద్దుకుంది."

"మర్నాడు?"

"మళ్ళీ ఎక్కాడు."

జూన్‌లో వీడియో ఇంటర్వ్యూ మధ్యలో నాకు ఒక మాట తట్టలేదు. చెవులు వేడెక్కాయి. "ఆ పదం రావడం లేదు, వేరేలా చెప్తాను," అని వచ్చీరాని జర్మన్‌లోనే చివరిదాకా చెప్పాను. వారానికి ఉద్యోగం ఖాయమైంది. పరుగున పైకెళ్ళి చెబితే ఆవిడ చప్పట్లు కొట్టి, "రేపు కూడా రండి. ట్రాములో ఇంకా ఇద్దరు మిగిలారు," అన్నారు.

మరో రెండేళ్ళకు ఆవిడ పోయారు. అంత్యక్రియలప్పుడు, నాలుగు మాటలు చెప్పమని వాళ్ళమ్మాయి అడిగింది. కాగితం లేకుండా పది నిమిషాలు జర్మన్‌లో మాట్లాడాను. వ్యాకరణం ఎన్నిచోట్ల తప్పిందో లెక్కలేదు. జనం వింటూ నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. ఎక్కడా నా గొంతు తడబడలేదు. ఆ నిబ్బరం ఆవిడ ఇచ్చిందే.