గంగాధరన్నా, ఆ హుక్కు రాయి తగిలి వంగలేదు

నిన్న పొద్దున మెండోరలో ఒకరి చేనులో పసుపు ఉడికిస్తున్నాం. బాయిలర్‌లో ఆవిరి అప్పుడప్పుడే అందుకుంటోంది.

ఫోన్ మోగింది. ఆర్మూర్‌లో గంగాధరన్న షెడ్డు పక్కన టైర్ల దుకాణం నడిపే ఖలీల్ భాయ్.

“గంగాధర్ పోయిండు చెల్లె” అన్నాడు.

“ఏడికి? సామాన్లకు నిజామాబాద్‌కా?” అని అడిగాను.

“సామాన్లకు కాదు చెల్లె” అన్నాడాయన. అప్పుడు అర్థమైంది.

షెడ్డు షట్టర్ ఎత్తడానికి వంగి, అక్కడే కూలబడిపోయాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందట.

ఫోన్ పక్కన పెట్టి, డ్రమ్ములో కొమ్ములు ఉడికాయో లేదో పుల్ల గుచ్చి చూశాను. ఆ డ్రమ్ము దించాకే బయల్దేరాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు.

ఏడుపు రాలేదు. ఇది టైప్ చేస్తుంటే కూడా రావడం లేదు.

గంగాధరన్న తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆయన జీపు మెకానిక్. నాకు సొంత అన్నేమీ కాదు.

నాలుగేళ్ల కింద నేనొక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాను. అది పట్టుకుని ఏ మెకానిక్ దగ్గరికి పోయినా “మీ ఆయన్ని తోలియ్యమ్మా” అన్నవాళ్లే. గంగాధరన్న మాత్రం నన్ను సరిగ్గా చూడను కూడా లేదు. బండి కిందికి దూరి, అక్కడి నుంచే అడిగాడు.

“ఏం గుంజాలె దీంతోని?”

బాయిలర్ అన్నాను. రెండు చక్రాల మీద ఉంటుంది, నీళ్ల ట్యాంకుతో సహా. సీజన్‌లో దాన్ని ఊరూరా కిరాయికి తిప్పడమే నా పని. ట్రాక్టర్ మా ఆయనకు పొలంలో కావాలి, నాకు దొరకదు.

ఫోన్‌లో వీడియోలు కూడా చూపించాను. లావు టైర్లు, పైకి లేపిన బాడీ, ముందు లైట్ల వరుస. నాకు అట్లాంటిది కావాలని ఉండేది, దాచుకునేదేముంది.

“గివన్నీ ఫోటోలకు చెల్లె. ముందుగాల ఆపుడు సూస్కోవాలె. గుంజుడు తర్వాత.”

నెల రోజులు పట్టింది. ముందు బ్రేకులన్నీ మార్చాడు. తర్వాత వెనక బరువు మోసే కమాన్ పట్టీలు గట్టివి వేశాడు. క్లచ్, మట్టిలో జారని టైర్లు. అన్నిటికంటే చివర, వెనక హుక్కు. లైట్లు పెట్టనే లేదు. నేను మూతి ముడుచుకుంటే పట్టించుకోలేదు.

తాళం ఇచ్చే ముందు పోచంపాడ్ దిక్కు కాలువ కట్ట దగ్గరికి తీసుకుపోయాడు. బాయిలర్ తగిలించి, ట్యాంకులో సగం నీళ్లు పోయించాడు.

నిండా పోద్దామన్నాను, బరువు తెలుస్తుంది కదా అని.

“నిండ పోస్తే నీళ్లు కదలవు. సగం ఉంటెనే ఎనక నుంచి తంతయ్.”

కట్ట మీదికి సగం దూరం ఎక్కి ఆపమన్నాడు. ఆపాను. అద్దంలో చూస్తే మనిషి పోయి బాయిలర్ వెనకాలే నిలబడ్డాడు. నా కాలు జారితే అదంతా ఆయన మీదికే. పక్కకు జరగమని అరిచాను. జరగలేదు.

“నా పని మీద నాకు నమ్మకమున్నది. నీ కాలు మీద నీకుండాలె” అన్నాడు.

బ్రేకును బలమంతా పెట్టి తొక్కాను. బండి కదలలేదు.

అప్పుడు తాళం చేతిలో పెట్టి ఒక్క షరతు చెప్పాడు. “ట్యాంక్ ఖాళీ చేసినంకనే రోడ్డెక్కాలె. సగం నీళ్లతోని గుంజినవని తెలిస్తే హుక్కు కోసి పారేస్త.”

ఇక నేను చేసిన పని.

ఈ సీజన్ మొదట్లోనే, అంకాపూర్ నుంచి మెండోరకు బాయిలర్ మారుస్తున్నాం. అవతలి చేనులో బోరుకు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఉన్న నీళ్లు పారబోయడం ఎందుకు, పని తొందరగా మొదలవుతుందని సగం ట్యాంకుతోనే బయల్దేరాను. జీపు వెనక సీట్లలో ఆర్మూర్ నుంచి కూలికి వచ్చిన ఆడవాళ్లు ముగ్గురు.

కాలువ కట్ట దిగేటప్పుడు నీళ్లు తన్నాయి. జీపు అడ్డం తిరిగింది. హుక్కు వంగింది. బాయిలర్ ఒక చక్రం కాలువ అంచు దాటి గాలిలో ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు షెడ్డుకు పోయి, రివర్స్‌లో రాయి తగిలిందన్నాను.

అన్న హుక్కును చేత్తో తడిమి చూశాడు.

“రాయేనా?”

“అవునన్నా.”

“సరే.”

అంతకన్నా మందం హుక్కు చేసిపెట్టాడు. నేను అడగకుండానే బాయిలర్ చక్రాలకు కూడా బ్రేక్ పెట్టాడు. బతికిపోయాననుకున్నాను. సీజన్ అయ్యాక నిజం చెబుదామనుకున్నాను. సీజన్ ఇంకా అవనే లేదు.

నిన్న సాయంత్రం దహనమయింది. ఈరోజు పొద్దున మళ్లీ అన్న ఇంటికి పోయి, ఆయన భార్య సుజాత వదిన పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. అన్నకు చెప్పాల్సింది, ఆమెకైనా చెప్పాలనిపించింది.

వదిన నా దిక్కు చూడలేదు.

“ఎరుకే చెల్లె. గా ముగ్గుర్ల ఒకామె మా గల్లీ లచ్చవ్వనే. నువ్వు షెడ్డుకు పోకముందే వచ్చి చెప్పిపోయింది.”

అంటే రాయేనా అని అడిగినప్పుడు ఆయనకు అంతా తెలుసు.

“మరి హుక్కు కోస్తనంటివి గదా అని నేనే మీ అన్నను అడిగిన. ‘కోస్తే ఇంకోతాన పెట్టించుకుంటది. ఆళ్లు బాయిలర్‌కు బ్రేక్ పెట్టరు’ అన్నడు.”

మళ్లీ తనే అంది.

“గని నువ్వు రాయి అన్నవని, ఆ దినం ఇంటికొచ్చి బువ్వ తినలే.”

అన్నా, తప్పు నాది. నువ్వు ఉన్నప్పుడే చెప్పాల్సింది.

పోయిన చోట నీకు నెమ్మది దొరకాలి.