ఆమె కుట్టిన సీటు కవరు

పోతున్న బండిలో నా భార్య కూర్చున్న సీటు వెనక పలక ఒక్కసారిగా పడిపోయింది. ఆమె వెన్నుపూస నలిగింది. బండి అమ్మినవాళ్లు తప్పు సీటుది కాదన్నారు, ఆ సీటుకు ఆమె తన చేతులతో కుట్టిన కవరుదన్నారు. ఆమె ఆ మాట నమ్మింది. జరిగిన అన్యాయం ఇదీ.

నేను బడికి పోయినవాణ్ని కాదు. మీసాలు రాని వయసులో సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి మగ్గాల దగ్గర నిలబడ్డాను. తెలుగు అక్షరాలు గదిలో నాతో ఉండిన ఒక పెద్దాయన నేర్పాడు. హిందీ బస్సుల మీద నేర్చుకున్నాను, గుజరాతీ కార్ఖానా గోడల మీద, ఇంగ్లీషు మందుల డబ్బాల మీద. చదవడం వచ్చిన దగ్గర్నుంచి రాసిందల్లా నిజమేనా అని అడిగే రోగం పట్టుకుంది నాకు. ఇంట్లోవాళ్లు ఎంత విసుక్కున్నా అది తగ్గలేదు.

బండి కొన్నది మా కొడుకు. సూరత్ దగ్గరి పల్సానాలో గుడ్డకు రంగులు వేసే మిల్లులో సూపర్‌వైజరు వాడు. ఏడుగురు పట్టే ఎత్తయిన బండి. సూరత్ చివర వడోద్‌లో మా గల్లీలోకి అది రావాలంటే ఎదురింటివాళ్లు స్కూటరు జరపాలి, వాళ్లు జరిపిన ప్రతిసారీ ఏదో ఒకటి అంటారు. అమ్మ మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కలేకపోతోంది, పెద్ద బండి అయితే హాయిగా కూర్చుంటుంది అని కొన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు వాడి ముఖం చూడలేను.

మాకొక అలవాటుంది. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా దానికి గుడ్డ తొడుగుతాం. టీవీకి, ఫ్రిజ్జుకు, మిక్సీకి, చివరికి గ్యాసు సిలిండరుకు కూడా. గుడ్డ మీద బతికినవాళ్లం. ఉత్తగా వదిలేస్తే ఆ వస్తువు ఒంటి మీద బట్ట లేకుండా నిలబడ్డట్టు ఉంటుంది మాకు. షోరూములో కూడా సీటు కవర్లు చూపించారు. నా భార్య ఒకదాన్ని గోటితో గీకి చూసి, పోగు పలచన అని పక్కన పెట్టింది.

"ఇంట్ల మగ్గం నేసెటోన్ని పెట్టుకొని బయట గుడ్డ కొంటమా?" అంది నన్ను చూసి.

నేను చివరగా పనిచేసిన కార్ఖానాకు పోయి సేఠ్‌ను అడిగి, సోఫాలకు వాడే మందపాటి గుడ్డ, తాకా, అంటే గుడ్డ తాను, చివర మిగిలిన ముక్కలు తెచ్చాను. మెరూన్ రంగు మీద నల్లటి చిన్న గడులు. ఆమె కూర్చుని బండి సీట్లన్నిటికీ కుట్టింది. మధ్య వరుసలో తను కూర్చునే సీటుకు మాత్రం ప్రత్యేకంగా కుట్టింది. పక్కన సీటును వాల్చే లీవరు బయటికి వచ్చే చోట చీలిక పెట్టి, ఆ చీలిక అంచును మిషను మీద కాకుండా చేత్తో తిప్పి కుట్టింది. ఎవరి వేలూ గుడ్డలో చిక్కుకోకూడదని.

మా దగ్గరి బంధువులు పల్సానాలో ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి పోయాం. తిరిగొచ్చేటప్పుడు కొడుకు నడుపుతున్నాడు, నేను వాడి పక్కన. నా భార్య మధ్య వరుసలో, కోడలు ఆమె పక్కన. వెనక వరుస మడిచేసి ఉంది. నా భార్య భోజనాల గురించి చెబుతోంది. పప్పులో ఉప్పు తక్కువైందని, అడిగితే ఆ ఇంటామె చిన్నబుచ్చుకుంటుందేమోనని ఊరుకున్నానని. ఒక స్పీడ్ బ్రేకర్ దాటి కొడుకు బండిని ముందుకు లాగాడు. వెనక టప్ మని చప్పుడైంది. మగ్గంలో పట్టీ తెగినప్పుడు అలాంటి చప్పుడే వస్తుంది. ఉప్పు గురించిన మాట సగంలో ఆగిపోయింది. తిరిగి చూస్తే నాకు ఆమె చీర కుచ్చిళ్లూ పాదాలూ కనిపించాయి, ముఖం కనిపించలేదు.

డాక్టరు ఎక్స్‌రే చూపించి, ఒక పూస నలిగిందన్నాడు. కోత అక్కర్లేదు. కొన్నాళ్లు పడుకుని, తర్వాత వారం వారం ఆసుపత్రికి వచ్చి యంత్రం మీద కసరత్తు చేయాలి. చేయకపోతే నడుము వంగిపోయి అలాగే గట్టిపడుతుందని, అలా గట్టిపడ్డాక వచ్చి తనను అడిగి లాభం లేదని చెప్పాడు. ఆసుపత్రి ఊరికి ఆ చివర, మేమున్నది ఈ చివర.

కొడుకు బండిని సర్వీసుకు తీసుకుపోయాడు. అక్కడి కుర్రాడు సీటు చూసి తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే, వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చిన కోడలు స్పీకర్ పెట్టింది. మంచం పక్కనే ఫోన్. బయట కుట్టించిన కవరు వేశారు కదా, లీవరు ఆ గుడ్డ మడతలో చిక్కుకుని సగం లేచి ఉండి ఉంటుంది, అందుకే లాక్ పూర్తిగా పడలేదు, ఇది మా లోపం కిందికి రాదు అన్నాడు. హిందీలో, మెల్లగా, మర్యాదగా. నా భార్యకు హిందీ బాగా వచ్చు.

ఆ సాయంత్రం కవరు తెప్పించమంది. పడుకునే, పొట్ట మీద పెట్టుకుని, బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పడం మొదలుపెట్టింది. లీవరు దగ్గర చేత్తో కుట్టిన అంచు మొట్టమొదట విప్పింది. ఎందుకే అంటే, "నా చేత్తోని నేనే కుట్టుకున్న" అంది. మళ్లీ ఏమడిగినా అదే మాట.

తప్పు చేతులదే అనే ఆ మాట నాకు కొత్త కాదు. మగ్గాల దగ్గర బతుకంతా విన్నాను. ఒక మగ్గంలో, పోగుల్ని విడివిడిగా పట్టే దంతెకు పన్ను విరిగి గుడ్డ మీద గీత పడుతోందని, మాతో పనిచేయించే మాస్టరుకు నేనే చూపించాను ఒకసారి. మాస్టరు మగ్గం వైపు చూడను కూడా చూడలేదు. గుడ్డను నా భుజం మీద పడేసి, కళ్లు పెట్టుకుని పనిచెయ్యి అన్నాడు. యంత్రానికి ఎన్నడూ తప్పుండదు, దాని ముందు నిలబడ్డవాడికే ఉంటుంది. అప్పట్లో నేనూ నమ్మాను. రాత్రిళ్లు నా చేతుల వంక చూసుకునేవాణ్ని.

ఆసుపత్రికి పోవాల్సిన మొదటి వారం వచ్చింది. ఆమె బండి దగ్గరికి నడిచింది, తలుపు పట్టుకుంది, లోపలికి చూసింది, వెనక్కి తిరిగింది. కవరు తీసేశాం కదా అంటే, దాంతో లోపల ఏం చెడగొట్టానో ఏమో అంది. ముందు సీట్లో కూర్చోమంటే, అదీ ఆ బండిదే కదా అంది. ఆటోలో తీసుకుపోతే గల్లీ దాటకముందే నొప్పికి అరిచింది, దించేశాం. అద్దె కారు పిలిస్తే దాని సీటు చూసీ అలాగే వెనక్కి తిరిగింది. కసరత్తు చేయించే ఆయన్ని ఇంటికి పిలిపించాను. ఆయన చేతులతో చేయగలిగింది చేసి, యంత్రం మీద పడుకోబెట్టాలి, రావాల్సిందే అన్నాడు. రెండో వారం కూడా పోయింది. అద్దం ముందు నిలబడినప్పుడు ఆమె భుజాలు ముందుకు జారుతున్నాయని నాకే కనిపించింది. మనిషి మెల్లగా మడత పడుతోంటే ఏం చేయాలో తెలియక నేను గుమ్మంలో నిలబడేవాణ్ని.

నేను సర్వీసు సెంటరుకు పోవడం మొదలుపెట్టాను. రోజూ పోయాను అంటే అబద్ధం, కానీ వాళ్లకు అలాగే అనిపించి ఉంటుంది. ఏసీ గదిలో సోఫాలు, ఉచితంగా కాఫీ. అక్కడ కూర్చున్నవాళ్లను పలకరించాను. ఆ బండి సీట్ల కథలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. ఒకాయన సీటు మెత్త ఏడాదికే గుంత పడిందట, నడుం కింద దిండు పెట్టుకుని నడుపుతున్నాడు. ఒకామె పిల్లల సీటుబెల్టు బకిల్ మెత్త కిందికి జారిపోతుందని, ప్రతిసారీ వేళ్లతో తవ్వి తీయాలని చెప్పింది. వెనక వరుస మడిస్తే తిరిగి లేవదట ఇంకొకరిది. గుజరాతీ చీరల వ్యాపారి ఒకాయన మాత్రం నా మాట విని కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన మధ్య సీటు కూడా అలాగే పడిందట. అదృష్టం, అప్పుడు అందులో సామాన్లే ఉన్నాయి. కవరు ఉందా అని అడిగాను. లేదన్నాడు, కొన్నప్పటి సీటు కొన్నట్టే ఉందన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎదుట దాన్ని దగ్గులో కలిపేశాను. మా ఆమెతో ఒక్క మాట చెప్పమని బతిమాలి అక్కడి నుంచే ఫోన్ కలిపాను. ఆయన చాలా పద్ధతిగా, చెల్లెల్ని పిలిచినట్టు బెన్ బెన్ అంటూ అంతా చెప్పాడు. ఆమె ఊఁ కొట్టింది. ఇంటికి రాగానే అడిగాను, విన్నావు కదా అని.

"విన్న. చాయ్ తాగిపిచ్చి చెప్పిచ్చినవ్ గదా. మంచిగనే చెప్పిండు."

ఇక నేనే నిరూపించాలనుకున్నాను. ఇప్పుడు సీటుకు కవరు లేదు. సర్వీసు సెంటరులో బండి నిలబెట్టించి, ఆ కుర్రాణ్ణీ వాడి మేనేజరునూ పిలిచి, వాళ్ల ఎదుటే ఆ సీట్లో కూర్చున్నాను. వెనక్కి ఆనాను. పడలేదు. గట్టిగా ఆనాను. పడలేదు. లేచి, కాళ్లు తన్నిపెట్టి, ఊగి వెనక్కి పడ్డాను. సీటు రాయిలా నిలబడింది. చుట్టూ జనం చేరారు. ఒక ముసలాయన సీటుతో కుస్తీ పడుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది కదా. మేనేజరు నా చెయ్యి పట్టుకుని దించి, "కాకా, దెబ్బ తగులుతుంది" అన్నాడు. వాడు మంచివాడే. అదే నేను భరించలేకపోయాను. నా భార్యను పడేసిన సీటు, నేను పడెయ్యమని అడిగితే పడెయ్యలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు గొంతు తగ్గించి అన్నాడు. కంపెనీ ఒప్పుకుందని అమ్మకు చెప్పేద్దాం, అయిపోతుంది. నేను కాదన్నాను. అబద్ధం చెప్పి ఎక్కిస్తే, అదే సీటు, అదే పలక. మళ్లీ పడితే?

"మల్ల పడకపోవచ్చు గద బాపూ. నీకు నీ నిజం గావాల్నా, అవ్వ గావాల్నా?"

నేను కంచం ముందు నుంచి లేచాను. వాడన్నది తప్పని ఇప్పటికీ అనలేను. నేరుగా ఆమె మంచం దగ్గరికే పోయాను, చెప్పేద్దామనే. పక్కన కూర్చున్నాను. ఆమె ఒళ్లో విప్పిన గుడ్డ ముక్కలు. ఏందో చెప్పడానికి వచ్చినవ్, చెప్పు అంది. ఆమెకు నా ముఖం చదవడం నాకు ఇంగ్లీషు అక్షరాలు రాకముందు నుంచీ వచ్చు. మందులేసుకున్నవా అని అడిగి లేచి వచ్చాను.

కంపెనీ పెద్ద ఆఫీసుకు కొడుకు ఫోన్ నుంచి ఫిర్యాదు పంపించాను. వ్యాపారి అనుమతితో ఆయన సంగతి కూడా చేర్చాను. అందులో నేను అడిగింది ఒక్కటే: మా ఆవిడ కుట్టినదాంట్లో తప్పు లేదని ఒక్క మాట అనండి, మాకు ఇంకేమీ అక్కర్లేదు. వాళ్లు మొదట కృతజ్ఞతలు చెప్పారు. తర్వాత కూడా కృతజ్ఞతలు చెప్పారు. ఆ మధ్యలో నా భార్య పళ్లెం అందుకోవడానికి ముందుకు వంగి, తిరిగి లేవడానికి కోడలి చెయ్యి పట్టుకోవడం మొదలైంది.

చివరికి జవాబు వచ్చింది. కొడుకు చదివి ఫోన్‌ను పరుపు మీద పడేశాడు. మళ్లీ గదే కత, ఒప్పుకోలేదు అన్నాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. ఉన్నదున్నట్టు చదువుతానన్నాను, తీపి కలపను, కారం కలపను. ఒక్కొక్క మాటా తెలుగు చేసి చెప్పాను. మీ సీటును పరిశీలించాం. తయారీలో ఏ లోపమూ కనబడలేదు. అయినప్పటికీ వినియోగదారుల సంతృప్తి కోసం, మీ బండి తయారైన రోజుల్లోనే తయారైన బండ్లన్నిటికీ మధ్య సీటు లాక్ భాగాన్ని ఉచితంగా మారుస్తున్నాం. మీ బండిని కూడా తీసుకురాగలరు. ఇది లోపాన్ని అంగీకరించినట్టు కాదు.

చివరి వాక్యం రెండుసార్లు చదివాను. అదొక్కటే కదా నేను అడిగింది. సరిగ్గా అదే కాదన్నారు. ఫోన్ మూసి, ఆమె మళ్లీ ఆ పాత మాటే అంటుందని తల దించుకుని కూర్చున్నాను.

ఆమె తన చేతిలో ఉన్న మెరూన్ ముక్కను మడిచింది, విప్పింది, లీవరు కోసం తను పెట్టిన చీలికలో నుంచి చూపుడువేలు దూర్చి బయటికి తీసింది. వేలు ఎక్కడా చిక్కుకోలేదు. అప్పుడంది:

"తప్పు లేనోళ్లు ఊకెనే ఎందుకు మారుస్తరయ్యా? గన్ని బండ్లకు కవర్లు నేనే కుట్టిన్నా? సరే, మార్పియ్యి. మార్చినంక ముందుగాల నువ్వు కూసో అండ్ల, పల్సానా దాక పోయి రా. నువ్వు పడకుంట ఇంటికొస్తే, అప్పుడు సూద్దం."